దుకాణం గడప దాటని మాట

టోలిచౌకిలో మేం సోఫా చేయించుకున్న దుకాణం చాలా చిన్నది. ‘32 డెన్సిటీ అంటే ఘనపు మీటరు ఫోమ్ 32 కిలోలు తూగాలి సార్! తేలికదైతే తొందరగా కుంగిపోతుంది’ అని విడమరిచి చెప్పాడు యజమాని. గిరాకీ లేదని దిగులుపడిందీ ఆయనే. ఇంత తెలిసిన మనిషి మాట గడప దాటడం లేదు. ధర ఒక్కటే చూసేవాళ్లు పెద్ద షోరూముకు పోతున్నారు.

అలాంటివారికి బ్లాగు ఉపయోగమేనా? 2006లో లేఖిని, కూడలి వచ్చాక తెలుగు బ్లాగుల్లో కవితలు, కబుర్లు బాగా పండాయి. దుకాణదారులు మాత్రం అటు పెద్దగా రాలేదు. ఇప్పుడేమో అంతా రీల్స్. అవి చూస్తుండగానే జారిపోతాయి. రాసిపెట్టిన జవాబు వెతికేవాళ్లకు ఏడాది తర్వాతైనా దొరుకుతుంది.

అలాగని పండక్కి నాలుగు సోఫాలు అమ్ముడుపోవాలంటే బ్లాగు అక్కరకు రాదు. దానికి వాట్సాప్ చాలు. బ్లాగు తెచ్చేది నమ్మకం, అదీ నెమ్మదిగా. రోజూ రాయక్కర్లేదు. కొనేవాళ్లు అడిగే పది ప్రశ్నలకు పది జవాబులు చాలు. ఆయన చెబుతుంటే ఇంట్లో పిల్లలు టైపు చేస్తారు. టోలిచౌకి కాబట్టి ఉర్దూలోనూ పెడితే మరీ మంచిది. ఖర్చంటారా... వారానికో గంట!