కట్టని చిత్రశాల

మా పుట్టినిల్లు పులివెందుల, మెట్టినిల్లు ప్రొద్దుటూరు. ఒకసారి జమ్మలమడుగులోని మా ఆడుబిడ్డ యింటికి బోయి, ఆమెతో గూడ డేరా టాకీసులో ‘మల్లీశ్వరి’ చూచితిమి. 1951లో వెలువడిన యా చిత్రమును దీసిన బి. ఎన్. రెడ్డిగారు మా పులివెందుల ప్రాంతమువారే యని మాకెంత గర్వమో! కాని ఆడువారి వైపున మాకు దొరికిన చోటు గుంజ వెనుక. మల్లి కనుపించిన నాగరాజు కనుపింపడు. ఒడిలో పిల్లవాడు, లేచి మరొక చోటికి బోవుటెట్లు?

“ఈ గుంజ పాతినవాడు ఇక్కడ గూర్చుండి ఒక్క ఆట చూడవలె, వదినా!” అని ఆడుబిడ్డ విసుగుకొన్నది.

చాల యేండ్లకు ఆ మాట మరల జ్ఞప్తికి వచ్చినది. కట్టడముల విద్య చదువుచున్న మా మనుమడు ఫ్రెడరిక్ కీస్లర్ అను వాస్తుశిల్పి కథ చెప్పినాడు. ఈయన 1890లో చెర్నోవిట్సు పట్టణమున బుట్టి, 1926లో న్యూయార్కు చేరెను. 1929లో అచ్చట ‘ఫిల్ము గిల్డు’ అను చిత్రశాలను దీర్చెను. నాటకశాలలనుండి వచ్చిన నగిషీలు చూపును మరల్చునని వానిని విడిచిపెట్టెను. వ్రేలాడు తెరగుడ్డకు బదులు కన్నువలె విచ్చుకొను నేర్పాటు చేసెను. చూచువారి కన్నుల సంగతి తలచిన మనిషి యొకడున్నాడు గదా యని మాకు సంతోషము కలిగెను.

అయినను ఆయన తలపులోని శాల యది కాదు. బొమ్మ ప్రక్కగోడలపైనను పైకప్పుపైనను గూడ బడి ప్రేక్షకులను జుట్టుకొనవలెనని ఆయన కోరిక. అది కాగితముపైననే నిలిచిపోయెను. తరువాతి బ్రదుకును ఇంచుమించుగ నట్లే గడచెను. జూలియార్డు విద్యాలయమున నాటకములకు రంగాలంకరణ చేసెను. గోడయు కప్పును ఒకటిగా గలసిపోవు ‘అంతములేని యిల్లు’ నమూనాలను ఏండ్లతరబడి చేసెను. ఆ యిల్లు లేవనేలేదు. మృతసముద్రపు వ్రాతప్రతులకై మరొకరితో గలసి యెరూషలేములో గట్టిన మందిరము 1965లో తెరచిరి. ఆ యేడే కన్నుమూసెను.

“కట్టనివాటికి గూడ పేరు వచ్చునా?” యని మేము నవ్వితిమి. నవ్వితిమే గాని, ప్రొద్దుటూరిలో మా యిల్లు గట్టునాటి ముచ్చట మెదలినది. వంటయింటికి తూర్పున కిటికీ కావలెనని నాపరాతిమీద బొగ్గుతో గీచి చూపితిమి. బేల్దారి తల యూపినాడు. గోడ లేచినది, కిటికీ లేదు. అడుగగా, “అక్కడ గూడు పెట్టినాను గదమ్మా!” అన్నాడు. నలువది యేండ్లు ఆ పొగలోనే వండితిమి.

మనుమడు కాగితము, పెన్సిలు మా ముందు బెట్టి, “ఎక్కడ నవ్వా?” యనినాడు. గూటికి కొంచె మెడమగా గీచితిమి.