పక్క వాయిద్యం

సికింద్రాబాదు మారేడుపల్లిలో, పదేళ్ల వయసులో వయొలిన్ పట్టాను. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఆడపిల్ల ఒద్దికగా కూర్చుని వాయించేదే కదా అనుకున్నారు. స్కూలు వార్షికోత్సవానికి ఆరుగురం కలిసి వాయించాం. ఎవరు ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ ఆపాలో మిగతా అయిదుగురికీ నేర్పింది నేను. ఆ రోజు ముందు నిలబడి నడిపించమని మాత్రం మృదంగం వాయించే అబ్బాయికి చెప్పారు. అప్పుడు నాకు కోపం కూడా రాలేదు. ఇన్నేళ్లుగా బాధిస్తున్నది అదే.

కచేరీలో వయొలిన్‌ది పక్క వాయిద్యం చోటు. పాడేవాళ్లు ఎటు వెళ్తారో పసిగట్టాలి, వెన్నంటి నడవాలి, వాళ్లు ఆగినచోట ఖాళీ నింపాలి. ఆ పక్కచోటైనా స్త్రీలకు సులువుగా దొరకలేదు. ఆడవాళ్లు పక్కన వాయిస్తే పాడమన్న గాయకులుండేవారు.

విజయనగరంలో ఇవటూరి విజయేశ్వరరావు గారి దగ్గర నేర్చుకున్న అవసరాల కన్యాకుమారి గారు మద్రాసు వెళ్లి, ఎం.ఎల్. వసంతకుమారి గారికి ఏళ్ల తరబడి పక్కన వాయించారు. తర్వాత వయొలిన్, వీణ, నాదస్వరాలను కలిపి ‘వాద్యలహరి’ నడిపారు. పెద్ద వయొలిన్ బృందాలకు నాయకత్వం వహించారు. అదే విజయనగరంలో సంగీతం నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిది 1941 సంవత్సరపు సంగీత కళానిధి. ఆ గౌరవం ఒక వయొలిన్ విద్వాంసురాలికి మొదటిసారి దక్కింది 2016లో, కన్యాకుమారి గారికి. మధ్యలో 75 ఏళ్లు.

మన కచేరీలో కండక్టర్ ఉండరు. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో ఒక్క స్వరమూ వాయించకుండా అందరినీ నడిపించే మనిషి వాళ్లే. అమెరికాలో వయొలిన్ నేర్చుకుంటున్న మారిన్ ఆల్సప్, తొమ్మిదేళ్లప్పుడు లెనర్డ్ బెర్న్‌స్టీన్‌ని చూసి తానూ కండక్టర్‌నవుతానంది. ఆడపిల్లలు ఆ పని చేయరని చెప్పారు. వయొలినిస్టు అయిన తండ్రి మాత్రం ఒక పెట్టె నిండా బేటన్లు ఇచ్చాడు. 1984లో ఆమె కాంకార్డియా పేరుతో సొంత ఆర్కెస్ట్రాయే పెట్టుకున్నారు. 2005లో బాల్టిమోర్ సింఫనీ ఆమెను ఎంపిక చేస్తే వాద్యకారులే బాహాటంగా అభ్యంతరం చెప్పారు. 2007 నుంచి 2021 దాకా ఆ వాద్యకారులనే నడిపించారు. అమెరికాలో ఒక పెద్ద ఆర్కెస్ట్రాకు సంగీత దర్శకురాలైన తొలి స్త్రీ ఆమె.

అందరినీ ఒకేసారి వినడం, ఎవరు వెనకబడుతున్నారో ముందే గ్రహించడం కండక్టర్ పని. పక్క వాయిద్యం నేర్పేదీ ఇలాంటి విద్యే. వినడం స్త్రీల సహజగుణమని నేననడం లేదు, అది సాధనతో వచ్చింది. పక్కన కూర్చున్నప్పుడు దాన్ని అణకువ అంటారు. ముందు నిలబడినప్పుడు నాయకత్వం అంటారు. ఆ నాలుగడుగుల దూరం దాటనివ్వడానికే ఇంత గొడవ.

ఇప్పుడు మా ముందుగదిలో ఏడుగురు ఆడపిల్లలు వయొలిన్ నేర్చుకుంటున్నారు. వారానికొకరు ముందు కూర్చుని తాళం వేసి నడిపించాలి. తప్పు వాయించిన పిల్లను ఆపమంటే మొదట్లో సిగ్గుతో నావైపు చూసేవాళ్లు. పోయిన వారం పదకొండేళ్ల పిల్ల ఒకతి చెయ్యెత్తి నన్నే ఆపింది. నేను కాలం పెంచేస్తున్నానట. నిజమే. మళ్లీ మొదటినుంచి వాయించాను.