మాస్టారు ఆలస్యంగా నేర్చుకున్న పాఠం

పిల్లలూ! మాస్టారికి తెలియనిది ఉండదని మీరనుకుంటారు. నేను ముప్ఫై యేళ్లకు పైగా పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి. తెలియక నేను చేసిన ఒక తప్పు ఇవాళ చెబుతాను. మీ అమ్మా నాన్నా కూడా వింటే మంచిది.

1985లో దివిసీమలోని ఒక పల్లెటూరి బడిలో నేను కొత్త మాస్టర్ని. ఉపాధ్యాయ శిక్షణ ముగించి సర్టిఫికెట్టు పుచ్చుకుని వచ్చాను. పిల్లల మనస్తత్వం చదివాను, నల్లబల్ల మీద వంకర లేకుండా రాయటం నేర్చాను. కాని పిల్లవాణ్ణి పాము కరిస్తే ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు.

అది శ్రావణమాసం. వానలు పడి ఊడ్పులు సాగుతున్నాయి. ఆటల వేళ ఒక ఆరో తరగతి కుర్రాడి బంతి గడ్డివాము పక్కకు దొర్లింది. వాడు చెప్పులు లేకుండా పరిగెత్తి, "పాము, మాస్టారూ!" అని కేక పెట్టాడు. చూద్దును గదా, చీలమండ దగ్గర రెండు గాట్లు! కరిచింది రక్తపింజరి.

ఎప్పుడో పాత పుస్తకంలో చదివింది గుర్తు తెచ్చుకున్నాను. బావి తాడు తెచ్చి మోకాలి కింద బిగించి కట్టాను. పెన్సిళ్లు చెక్కే బ్లేడుతో కాటు మీద కోశాను. నెత్తురు ఎంతకీ ఆగలేదు. ఒక రైతు ట్రాక్టరు మీద ఆసుపత్రికి చేరేసరికి రెండు గంటలు పట్టింది.

డాక్టరుగారు, "ఈ తాడు కట్టిందెవరు?" అన్నారు.

"నేనేనండీ," అన్నాను, కొంచెం గర్వంగానే.

"పాము విషానికి నా దగ్గర మందుంది, మాస్టారూ. మీ తాడుకు లేదు," అన్నారాయన.

కుర్రాడు బతికాడు. కాని నెలకు పైగా మంచాన ఉన్నాడు. రెండు కాలివేళ్లు తీసెయ్యవలసి వచ్చింది. వాళ్లమ్మ బుట్టెడు జామకాయలు తెచ్చి, "మా వాణ్ణి బతికించారు బాబూ!" అని దణ్ణం పెట్టింది. నిజం చెప్పటానికి నాకు నోరు రాలేదు.

తరవాత మచిలీపట్నంలో ప్రథమచికిత్స తరగతికి వెళ్లి, వెనక బెంచీలో కూర్చుని నేర్చుకున్నాను. తాడు బిగిస్తే కాలికి నెత్తురు అందదు, విషం అక్కడే నిలిచి కండను చెరుపుతుంది. విప్పగానే ఒక్కసారిగా పైకి పోతుంది. ఇక రక్తపింజరి విషం నెత్తురు గడ్డకట్టకుండా చేస్తుంది. నేను కోసిన చోట నెత్తురు ఎందుకు ఆగలేదో తెలిసిందా? డాక్టర్ల పరీక్ష కూడా ఇదే. కొంచెం నెత్తురు శుభ్రమైన గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే.

త్రాచు, కట్లపాము విషాలు నరాలను పట్టి, కనురెప్పలు వాల్చి, చివరకు ఊపిరి ఆపుతాయి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. గాటు కనబడకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ మందు ఒక్కటే. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే దాని నెత్తుట్లో విరుగుడు పుడుతుంది. ఆ విరుగుడుతోనే మందు చేస్తారు. అది ఆసుపత్రిలో దొరుకుతుందిగాని మంత్రగాడి దగ్గర దొరకదు.

2012లో గుడివాడ దగ్గరి బడిలో ఒక అమ్మాయిని పాము కరిచింది. ఈసారి తాడు జోలికి పోలేదు. "భయం లేదమ్మా, మందుంది," అన్నాను. కాలు వాస్తుందని పట్టీలు తీయించాను. అడుగు వేయనివ్వకుండా పడుకోబెట్టి, కాలికి చెక్క స్కేలు ఆనించి, గుడ్డతో వదులుగా కట్టాను. ఒక మాస్టారు 108కి ఫోను చేశారు. కరిచిన వేళ చీటీ మీద రాసి పంపాను. పామును వెతకటానికి ఎవరినీ పోనివ్వలేదు. వారం తిరక్కుండా ఆ అమ్మాయి తన కాళ్ల మీద నడిచి బడికొచ్చింది.

2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు పెచ్చుమీరి, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం చేశారు. స్వామికి దణ్ణం పెట్టండి, కాని కరిచిన వేళ బండిని ఆసుపత్రి వైపే తిప్పండి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేలమంది చనిపోయారని పరిశోధకుల అంచనా.

ఆ కుర్రాడు ఇప్పుడు రైతు. ఒకసారి కనబడితే నా తప్పు ఒప్పుకున్నాను. "అప్పుడు మీకు అంతే తెలుసు గదండీ!" అన్నాడు నవ్వుతూ. ఆ మాట నన్ను ఇంకా గుచ్చుతూనే ఉంది.

రెడ్‌క్రాస్ వారు, సెయింట్ జాన్ అంబులెన్స్ వారు ప్రథమచికిత్స నేర్పుతారు. కనుక పిల్లలూ, రేపు బడికి వెళ్లి, "మాస్టారూ, మాలో ఎవరినైనా పాము కరిస్తే ఏం చేస్తారండీ?" అని మర్యాదగా అడగండి. ఆయన తాడు మాట ఎత్తితే ఈ పేజీ చూపించండి.