రైలు దాటిపోయాక

నమూనా రైలు తిరిగే బల్లను ఆ వ్యాపకంలో ఉన్నవాళ్ళు లేఅవుట్ అంటారు. తెలుగువాళ్ళకు ఆ మాట వినగానే ప్లాట్లు, హద్దురాళ్ళు గుర్తొస్తాయి. పోలిక మరీ దూరమేమీ కాదు. ఇక్కడా ముందు దారులు గీస్తారు, తరవాత ఇళ్ళు లేపుతారు, ఆఖరున మనుషులను దింపుతారు. కాకపోతే ఈ ఊళ్ళో దిగే మనిషి ఎత్తు రెండు సెంటీమీటర్లు.

ఎక్కువమంది వాడే కొలత హెచ్‌ఓ స్కేలు. అందులో ప్రతి వస్తువూ అసలులో 87వ వంతు ఉంటుంది. మన రైళ్ళలో తిరిగే ఎల్‌హెచ్‌బి రకం ప్రయాణికుల పెట్టె పొడవు ఇరవై మూడున్నర మీటర్లయితే, హెచ్‌ఓలో అది 27 సెంటీమీటర్లకు దిగుతుంది. అలాంటివి 24 తగిలిస్తే ఒక్క రైలే ఆరున్నర మీటర్లు. అందుకే ఇళ్ళలో తిరిగే ఎక్స్‌ప్రెస్‌లు ఐదారు పెట్టెలతో సరిపెట్టుకుంటాయి. ఇంకా చోటు లేనివాళ్ళకు 160వ వంతు ఎన్ స్కేలు, 220వ వంతు జడ్ స్కేలు ఉన్నాయి. జడ్ స్కేలు మనిషి బియ్యపుగింజంత.

గంటకు 80 కిలోమీటర్ల వేగం హెచ్‌ఓలో సెకనుకు పాతిక సెంటీమీటర్లు. నాలుగు మీటర్ల బల్లను రైలు పదహారు సెకన్లలో దాటేసి, చుట్టు తిరిగి మళ్ళీ వస్తుంది. మళ్ళీ అదే రైలు. మూడో చుట్టుకి చూసేవాళ్ళ కన్ను పట్టాలు తప్పుతుంది. స్టేషను వెనక పెరట్లోకో, వంతెన కిందికో, చెరువుగట్టు మీదికో పోతుంది. అక్కడ ఏమీ లేకపోతే చూపు గుమ్మం వైపు మళ్ళుతుంది. చిన్న చిన్న దృశ్యాలు కావలసింది ఆ కంటికోసం: గోడ దూకుతున్న కుర్రాడు, గొడుగు కింద కునుకు తీస్తున్న చేపలవాడు, ఆరేసిన బట్టలు లాగుతున్న మేక. రైలు బల్లలో అలంకారంగా చెప్పుకునే ఈ పని నిజానికి సగం పని.

బొమ్మలు చాలావరకు జర్మనీ నుంచి వస్తాయి. 1949లో మొదలైన ప్రైజర్ సంస్థ పేరు ఈ లోకంలో మనిషిబొమ్మకు మారుపేరు లాంటిది. పెళ్ళిబృందం, పోలీసులు, సర్కస్‌వాళ్ళు, రోడ్డు తవ్వే కూలీలు, ఒడ్డున బట్టల్లేకుండా ఎండకాగేవాళ్ళు కూడా సెట్లుగా దొరుకుతారు. ఆ చివరి సెట్టు పెట్టుకోని బల్ల యూరప్‌లో అరుదేమోననిపిస్తుంది. రంగు వేసినవి ఖరీదు. డబ్బు మిగుల్చుకోవాలనుకునేవాళ్ళు రంగు వేయని పెద్ద పెట్టె కొనుక్కుని, భూతద్దం కింద సన్నకుంచెతో సాయంత్రాలు గడుపుతారు.

ఈ విద్యలో హాస్యానికి గౌరవం తెచ్చినవాళ్ళలో మొదట చెప్పవలసింది అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం మాంటెరేలో ఉండిన జాన్ అలెన్‌ను. వృత్తికి ఫొటోగ్రాఫరు. తన రైలుమార్గానికి ఆయన పెట్టిన పేరు ‘గోరీ అండ్ డఫీటెడ్’. వింత స్పెల్లింగుతో రాసిన ఆ పేరును పైకి చదివితే నెత్తురోడి ఓడిపోయినవాడని అర్థం వస్తుంది. తెలుగు చెవికి గోరీ మాట ఇంకో రకంగానూ సరిపోతుంది. నేల నుంచి కప్పుదాకా లేచిన కొండలు, లోయలు, వంతెనలు, తుప్పు, మసి, పగిలిన పలకలు, అన్నీ ఒక ఫొటోగ్రాఫరు కన్ను పట్టినంత నిక్కచ్చిగా చేశాడు. ఆ యార్డులో పెట్టెలను అటూ ఇటూ నెట్టే షంటింగ్ పనికి మాత్రం ఇంజను బదులు ఒక స్టెగోసారస్ రాక్షసబల్లిని నియమించాడు. దాని పేరు ఎమ్మా.

ఎమ్మా ఎందుకు నవ్విస్తుందో చూస్తే ఈ విద్య కిటుకు తెలుస్తుంది. బొమ్మలదుకాణంలో ప్లాస్టిక్ రాక్షసబల్లి ఎవరికీ నవ్వు తెప్పించదు. చుట్టూ ఉన్న ప్రతి మేకూ నిజమైనది కాబట్టి, ఆ యార్డులో రాక్షసబల్లి కూడా జీతానికి పనిచేస్తున్నట్టుంటుంది. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా కేతిగాడు, బంగారక్క అనే హాస్యపాత్రలు వచ్చి అల్లరి చేస్తాయి. ఆ అల్లరికి విలువ రామాయణం వల్ల వచ్చింది. కేతిగాడు రాత్రంతా తెరమీదే ఉంటే ఊరివాళ్ళు చాప చుట్టుకుని ఇంటికి పోతారు. పదడుగుల బల్లమీద రెండు అగ్నిప్రమాదాలు, ఒక బ్యాంకు దోపిడీ, నాలుగు పెళ్ళిళ్ళు, ఎగిరే పళ్ళెం పెట్టినవాళ్ళు చేసే పొరపాటు ఇదే.

ఇంగ్లండులో బీకన్స్‌ఫీల్డ్ ఊళ్ళో 1929లో తెరిచిన బెకన్‌స్కాట్ నమూనా గ్రామానిది మాటల హాస్యం. రోలండ్ కాలింగ్‌హమ్ అనే ఆయన తన తోటలో 12వ వంతు కొలతతో కట్టించిన ఊరు అది. మధ్యలో రైలు తిరుగుతుంది. అక్కడి అంగళ్ళ బోర్డులు వట్టి శ్లేషలు. కూరగాయల కొట్టు యజమాని పేరు క్రిస్ పి. లెటిస్. గబగబా అంటే కరకరలాడే లెట్యూస్ ఆకు అవుతుంది. మాంసం కొట్టు శామ్ అండ్ ఎల్లాది. కలిపి పలికితే కడుపు పాడుచేసే సాల్మొనెల్లా సూక్ష్మజీవి. బోర్డు హాస్యానికి బొమ్మ అక్కర్లేదు, ఖర్చు లేదు, ఒక చిన్న కాగితం చాలు. తెలుగులో ఇలాంటి పేరు కట్టలేనివాళ్ళు ఉండరు.

జర్మనీలోని హాంబర్గ్‌లో పాత గోదాముల పేట ష్పైషర్‌ష్టాట్‌లో ఉన్న మినియాటుర్ వుండర్‌లాండ్ కథ వేరు. ఫ్రెడరిక్, గెరిట్ బ్రౌన్ అనే కవలలు దాన్ని 2001 ఆగస్టులో తెరిచారు. వెయ్యికి పైగా రైళ్ళు, రెండున్నర లక్షలకు పైగా బొమ్మ మనుషులు. అక్కడ పావుగంటకో పగలూ రాత్రీ గడుస్తాయి. క్నుఫింగెన్ అనే కల్పిత ఊళ్ళో నిప్పంటుకుంటే అగ్నిమాపక బండ్లు వరసగా వాటంతట అవే బయలుదేరతాయి. ఆ ఊరికి విమానాశ్రయం కూడా ఉంది. 2011లో తెరిచిన దాని రన్‌వే మీద మామూలు విమానాల నడుమ అప్పుడప్పుడు స్టార్ వార్స్ సినిమా వాహనం ఒకటి దిగి పోతుంది. చూసేవాళ్ళు నొక్కడానికి రెండు వందలకు పైగా మీటలు పెట్టారు. స్విట్జర్లాండ్ భాగంలో ఒకటి నొక్కితే బుల్లి కర్మాగారం పనిచేసి నిజం చాక్లెట్ ముక్క ఒకటి చేతిలో పడుతుంది.

ఇన్ని యంత్రాలున్నా అక్కడికి వెళ్ళివచ్చినవాళ్ళు చెప్పుకునేవాటిలో పొద్దుతిరుగుడు తోటలో ఎవరూ చూడరనుకుని ఒకటైన జంట ఒకటి. దానికి మీట లేదు, కదలిక లేదు. ఎవరికి వాళ్ళు కనిపెట్టవలసిందే.

కదలిక లేకపోవడం ఈ కళకు ఉన్న పెద్ద ఇబ్బంది. రైలు కదులుతుంది, మనుషులు కదలరు. పరుగెత్తే భంగిమలో ఉన్న బొమ్మ మొదటి చూపుకు పరుగెత్తుతున్నట్టే ఉంటుంది. పది నిమిషాల తరవాత కూడా అదే కాలు గాల్లో ఉంటే రాయిలా కనిపిస్తుంది. అందుకని చేయి తిరిగినవాళ్ళు నిజంగానే కదలకుండా ఉండే పనులను ఎన్నుకుంటారు: ఎదురుచూడటం, ఆనుకుని నిలబడటం, గాలం వేయడం, కబుర్లు చెప్పుకోవడం, నిద్రపోవడం. హాస్యమైతే జరగబోయే క్షణాన్నో, జరిగిపోయిన క్షణాన్నో పట్టుకుంటారు. నిచ్చెనమీద నుంచి పడుతున్న రంగులవాణ్ణి పెడితే తీగతో వేలాడదీయాలి, తీగ కనిపిస్తుంది. నిచ్చెన కాలికి కట్టేసిన గేదె, ఆ గేదెకు కొంచెం దూరంలో పచ్చగడ్డి మోపు పెడితే చాలు. మిగతాది చూసేవాళ్ళు పూర్తి చేసుకుంటారు, ఎన్నిసార్లు చూసినా పూర్తి చేసుకుంటూనే ఉంటారు.

ఒక్క బొమ్మ ఉంటే అది మనిషి. రెండుంటే సంగతి. మూడో బొమ్మ ఆ సంగతిని చూస్తూ ఉంటే అప్పుడది కథ. దొంగ, దొంగ వెనక పోలీసు, మేడమీద కిటికీలోంచి చూస్తున్న ముసలమ్మ. ముసలమ్మను తీసేస్తే సగం నవ్వు పోతుంది. బొమ్మల చూపులు ఒకదానికొకటి కలిసేలా తిప్పి అంటించడం దీనికి ముఖ్యం. తల తెగ్గోసి కొంచెం పక్కకు తిప్పి మళ్ళీ అంటించేవాళ్ళు కూడా ఉన్నారు. పాదాల కింది ప్లాస్టిక్ పలకను కోసేసి, అరికాలిలో సన్నతీగ గుచ్చి నేలలో దింపితే మనిషి నిజంగా నిలబడ్డట్టుంటాడు. జిగురు ఎక్కువైతే అందరూ నీటిమడుగుల్లో నిలబడ్డట్టుంటారు.

సరంజామాకు వంటిల్లు చాలావరకు సరిపోతుంది. వాడేసిన టీపొడిని ఎండబెడితే రాలిన ఆకులు. గసగసాల గింజను 87తో పెంచి చూస్తే బత్తాయి అంత, ఆవగింజ కొబ్బరికాయంత. గసగసాలకు రంగేసి అగ్గిపుల్లల బండిమీద పోస్తే పళ్ళబండి తయారు. జర్మన్ సెట్లలో మనుషులకు ఎక్కువగా యూరప్ దుస్తులే కాబట్టి మన స్టేషను కట్టాలంటే పల్చటి కాగితం తడిపి చీరలు, పంచెలు చుట్టక తప్పదు. ఆ శ్రమ పడ్డవాళ్ళకు సరుకు తక్కువేమీ లేదు. రైలు ఆగిన రెండు నిమిషాల్లో కుళాయి దగ్గర సీసా నింపుకునే ఆసామి, కుళాయి మీద కూర్చున్న కోతి, వేసిన గేటు కింద నుంచి మోటారుసైకిలు వాల్చి తల వంచి దూరుతున్న తండ్రి, వెనక సీటు మీద అంతే క్రమశిక్షణతో తల వంచిన ముగ్గురు పిల్లలు. ఇందులో కల్పన ఏమీ లేదు, 87వ వంతుకు కుదించడమే పని.

దృశ్యాలను అన్నిటినీ ముందువరసలో పెట్టకూడదు. ఒకటి కళ్ళ ఎదుట ఉంటే రెండు గోదాము వెనక, ఒకటి సొరంగం పక్క పొదలో ఉండాలి. వంగితేనే కనిపించేది, పిల్లల ఎత్తు నుంచి మాత్రమే కనిపించేది ఒక్కటైనా ఉండాలి. పెద్దవాళ్ళకు పిల్లలు చూపించే అవకాశం ఇంకెక్కడా అంతగా దొరకదు.

ఆఖరి శత్రువు దుమ్ము. మనకు కనిపించని రేణువు వాళ్ళకు గులకరాయి. నెలకోసారి మెత్తటి కుంచెతో ఊడ్చాలి. ఊడ్చినప్పుడల్లా ముగ్గురు నలుగురు పడిపోతారు. అందుకని ముందే ఒక ఫొటో తీసి పెట్టుకోండి. లేకపోతే మళ్ళీ నిలబెట్టేటప్పుడు పోలీసు ముందు పరుగెత్తుతూ, దొంగ వెంటపడుతూ కనిపిస్తారు.