శైలిపత్రానికొక సంజ్ఞాపరిచ్ఛేదం

చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని సంజ్ఞాపరిచ్ఛేదంతో ఆరంభించినాడు. సంధులు, సమాసాలు, క్రియలు అన్నీ ఆ తరువాతనే. ముందు అక్షరాలేవో, వాటి పేర్లేవో తేల్చి, ఆపైన శాస్త్రం నడిపించినాడు. వెబ్ పేజీలకు శైలిపత్రం, అనగా మనమందరం సీయస్సెస్ అనుకొనేది, వ్రాసుకొనేటప్పుడు కూడా ఆ క్రమమే శ్రేయస్కరమని మిత్రులకు నా మనవి. ప్రతి పేజీకీ పనికివచ్చే నాలుగైదు సూత్రాలు ఒక చిన్న మూలపత్రంలో పెట్టుకోవాలి. అలంకారాలు వేరే పత్రంలో ఉండాలి.

శైలిపత్రాల ఆలోచనను హోకన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించగా, 1996 డిసెంబరులో అది ప్రమాణంగా వెలువడింది. మనమేమీ వ్రాయకపోయినా ప్రతి బ్రౌజరుకూ తనదైన శైలి ఒకటుంటుంది. శీర్షికను పెద్దదిగా, పేరాల నడుమ ఖాళీగా అదే చూపుతుంది. ఒక్కొక్క బ్రౌజరు ఒక్కొక్క తీరుగా చూపుతున్నందున రెండు మార్గాలు పుట్టినవి. 2007లో ఎరిక్ మేయర్ ప్రకటించిన 'రీసెట్' పలకను తుడిచివేసి మొదటినుంచి వ్రాసుకొమ్మంటుంది. నికొలస్ గాలగర్ చేసిన 'నార్మలైజ్' ఉన్న మంచిని ఉండనిచ్చి, తేడాలను మాత్రమే సవరిస్తుంది. మన పండితులలోనూ ఈ రెండు స్వభావాలవారున్నారు గదా!

పాణినీయం చదివినవారికి సీయస్సెస్ పరాయిదిగా తోచదు. సామాన్య సూత్రం ఉత్సర్గం. విశేష సూత్రం అపవాదం. అపవాదం ఉత్సర్గాన్ని బాధిస్తుంది. సమాన బలం గల రెండు సూత్రాలు ఒకేచోట తటస్థిస్తే పరసూత్రానిదే కార్యం. శైలిపత్రంలోనూ పేరాలన్నిటికీ చెప్పిన నియమాన్ని ఒక్క పేరాకు చెప్పిన నియమం తోసిపుచ్చుతుంది; బలాలు సమానమైతే వెనుక వ్రాసినది నెగ్గుతుంది. అందుచేతనే మూలపత్రం చిన్నదిగా ఉండాలి. ఉత్సర్గాలు అతిగా పెంచితే ఒక్కొక్కదానికి అపవాదం వ్రాసుకొంటూ కూర్చోవలసివస్తుంది.

ఇక అసలు చిక్కు మన లిపిది. మేయర్ రీసెట్‌లో పంక్తి ఎత్తు, అనగా లైన్-హైట్, 1 అని ఉంటుంది. అది తుది మాట కాదనీ, ఎవరికి కావలసినట్లు వారు మార్చుకోవాలనీ ఆయనే చెప్పినాడు. ఆంగ్లానికే అది ఇరుకు, తెలుగుకు ఊపిరాడదు. గుడి, ఏత్వం పైన ఉంటాయి. వొత్తులు కింద ఉంటాయి. 'జ్యోత్స్న'లో తకారం కింద సకార నకారాలు రెండూ చేరాలి. 'రాష్ట్రం', 'వస్త్రం' కూడా అంతే.

నా వ్యాకరణ పాఠాలను ఒక రెడీమేడ్ టెంప్లేటులో పెట్టి చూస్తే పై వరుస వొత్తులు కింది వరుస గుడులమీద ఎక్కి కూర్చున్నవి. తెలుగు ఇంటిభాష అయినవాడు సగం వొత్తు కనబడినా పదాన్ని పోల్చుకొంటాడు. మా మన్యంలో కువి, ఆదివాసీ ఒడియా ఇంట మాట్లాడే పిల్లలున్నారు. వారికి తెలుగు బడిభాష. అక్షరం కంటికి ఎట్లా కనబడితే పదం అట్లాగే మనసుకెక్కుతుంది. వొత్తు చెరిగితే వారికి ఊహించుకొనే ఆధారం లేదు. కనుక లైన్-హైట్ అంకె నాకు సొగసు విషయం కాదు, చదువు విషయం.

సీలేరు మీద జలాశయం, 25 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రం ఉన్న ఊరు మా డొంకరాయి. కరెంటు పుట్టే ఊరే గాని, ఫోను సిగ్నలు మాత్రం కొండ మలుపును బట్టి వస్తుంది, పోతుంది. అటువంటిచోట పాఠం కన్న అలంకారం ముందుగా దిగుతానంటే పాఠం దిగదు. పోతన, సురన్న, మండలి వంటి చక్కని ఖతులు మనకున్నాయి; వాటిమీద నాకు ప్రీతే. అయినా ఖతి బరువు మూలపత్రం బరువుకు ఎన్నో రెట్లు. అందుచేత పాఠానికి ఫోనులో ముందే ఉన్న తెలుగు ఖతినే వాడుకోమంటాను.

నా మూలపత్రంలోని సూత్రాలివి. మొదట పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎమ్మెల్‌లోనే చెప్పాలి. ఖతుల వరుసలో నోటో సాన్స్ తెలుగు, నిర్మల, కోహినూర్ తెలుగు, చివర సామాన్య నామం. పంక్తి ఎత్తు 1.7, పిక్సెళ్లు చేర్చకుండా ఒట్టి అంకెగానే వ్రాస్తే అక్షరం పెరిగినప్పుడు ఎత్తూ దానితో పెరుగుతుంది. అక్షరాల నడుమ అదనపు ఎడం వద్దు. నొక్కిచెప్పే మాటకు వాలు అక్షరం వద్దు. అది మన లిపికి సహజం కాదు, బొద్దు చాలు. బొమ్మ వెడల్పు తెర వెడల్పును మించరాదు. చిన్న తెరలో ఇమడని దీర్ఘసమాసం గతిలేనప్పుడు మాత్రమే విరగాలి. ప్రతి మాటనూ ఎక్కడపడితే అక్కడ విరిచే 'బ్రేక్-ఆల్' తెలుగుకు తగదు.

అంతే. ఇరవై పంక్తులు దాటదు. రంగులు, అంచులు, నీడలు ఎవరి రుచి వారిది; అవి దిగకపోయినా పాఠం నిలుస్తుంది. మీ మూలపత్రం సరిగా ఉన్నదో లేదో తేల్చుకోవాలంటే ఒక చిన్న పరీక్ష ఉన్నది. తక్కిన శైలులన్నీ తీసివేసి, 'జ్యోత్స్న' ఉన్న పేరా ఒకటి అగ్గువ ఫోనులో తెరిచి, తెలుగు కొత్తగా నేర్చుకొంటున్న పిల్లవానిచేత చదివించండి. తడబడకుండా చదివితే మీ పత్రం చాలు.

స్వస్తి.