పానగల్‌కు ఉత్తరాలు: పార్కింగ్ గేరు లేని బండి

క్రైస్ట్‌చర్చ్ నుంచి వచ్చిన మొదటి ఉత్తరంలో న్యూజీలాండ్ గురించి రెండు ముక్కలే ఉన్నాయి: ఎండ చురుక్కుమంటోంది, గాలి చలిగా ఉంది. మిగిలిందంతా బండి గురించే. రాసినాయన నల్లగొండ పక్కన పానగల్ వాసి, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య, కొడుకు, కోడలితో కలిసి మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుని దక్షిణ దీవి తిరుగుతున్నాడు. రాత్రిపూట నోటుబుక్కులో రాస్తే కోడలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతుంది. ఊళ్లో తమ్ముడు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చదువుతాడు.

బండి ఫియట్ డుకాటో. పైన ఇల్లు కట్టారు కాబట్టి ఇంటిపని అర్థం చేసుకోవడానికే ఓ పూట పట్టింది. తలుపు పైనున్న ప్యానెల్‌లో మంచినీళ్ల ట్యాంకు, వాడిన నీళ్ల ట్యాంకు, ఇంటి బ్యాటరీ ఎంతెంత ఉన్నాయో కనిపిస్తుంది. పంపు స్విచ్ వేస్తేనే కుళాయిలో నీళ్లొస్తాయి. ఫ్రిజ్ మూడు రకాలుగా నడుస్తుంది: బండి కదులుతుంటే 12 వోల్టులు, క్యాంపులో కరెంటు, ఎక్కడా ఏదీ లేకపోతే గ్యాస్.

బండి అద్దెకిచ్చిన యార్డులో ఓ చిన్న గొడవ జరిగింది. అక్కడ పెట్రోలు పన్ను బంకు ధరలోనే ఉంటుంది, డీజిల్‌కు అలా కాదు, తిరిగిన కిలోమీటర్లను బట్టి విడిగా కట్టాలి. కిరాయి మాట్లాడుకున్నప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. “డీజిల్ సస్తగుందని సంబురపడితిమి తమ్మీ, మీటర్ జూసి మళ్ల గుంజుతరంట” అని పేజీన్నర రాశాడు. కొడుకు సర్దిచెప్పబోతే, టికెట్టు కొట్టకముందే చార్జీ చెప్పాలన్నది తన సర్వీసంతా పాటించిన పద్ధతని ఆయన పట్టుబట్టాడు. ఆ మాటలో న్యాయముంది.

అసలు సంగతి రెండో ఉత్తరంలో వచ్చింది. కొడుకు దాన్ని ఆటోమేటిక్ అన్నాడు. ఆయన సీట్లో కూర్చుని రాడ్డు చూశాడు. ఎన్ ఉంది, ఆర్ ఉంది, ప్లస్ మైనస్ ఉన్నాయి, ఆటో నుంచి మాన్యువల్‌కు మార్చే చోటుంది. పీ లేదు. పార్కింగ్ గేరు లేని ఆటోమేటిక్ ఏమిటని డ్యాష్‌బోర్డు అరలోని పుస్తకం కొడుకుతో చదివించుకున్నాడు. అది కంఫర్ట్‌మ్యాటిక్ పెట్టె. లోపల ఉన్నది మామూలు ఆరు గేర్ల పెట్టే, మామూలు క్లచ్చే. ఎడమ కాలు చేసే పనిని హైడ్రాలిక్ యంత్రం చేస్తుంది, ఎప్పుడు చేయాలో కంప్యూటర్ చెబుతుంది. డుకాటోలో తర్వాత వచ్చిన తొమ్మిది గేర్ల ఆటోమేటిక్ వేరు, దానికి టార్క్ కన్వర్టర్, పీ రెండూ ఉన్నాయి.

“క్లచ్చు లేదంటె నమ్మకు. ఉన్నది, మన కాలు కిందికెళ్లి తీసి దాసిండ్రు” అని తమ్ముడికి రాశాడు. ఎత్తులో ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే ఆ దాచిన క్లచ్చే కాలుతుంది, కాబట్టి బ్రేకు మీదే నిలపాలి. ఇంజిన్ ఆపేముందు బ్రేకు తొక్కి గేరులో వేయాలి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగాలి. ఆ హ్యాండ్‌బ్రేక్ సీటుకూ తలుపుకూ మధ్యన ఉంది. వెతికితే తప్ప చేతికి దొరకదు.

టెకపో దగ్గర వాన, ఈదురుగాలి. ఆయనకు జలుబు, గొంతునొప్పి. హిమానీనదాలు నూరిన రాతిపిండి వల్ల నీలంగా మెరిసే ఆ సరస్సుకు ఒక వాక్యం, 3,724 మీటర్ల మౌంట్ కుక్‌కు “మబ్బుల ఉన్నది” అన్న ఒక్క మాట దక్కాయి. పచ్చిపులుసుకు మాత్రం రెండు పేజీలు. భార్య ఎండుమిర్చి, జీలకర్ర తాళింపు వేయగానే పొగ అలారం కూసింది. పక్క బండ్లవాళ్లు కిటికీల్లోంచి చూశారు. కోడలు పైకప్పు కిటికీ తెరిచి, ఫ్యాన్ వేసి, తువ్వాలుతో విసిరింది. ఆ తర్వాత చింతపండు పులుసు, పచ్చి ఉల్లిగడ్డ, వేడన్నం. బయట గాలికి బండి ఊగుతుంటే నలుగురూ మోకాళ్లు తగులుకుంటూ తిన్నారు. “అమ్మ ఈడుంటే ఇంకొంచెం ఉప్పెయ్యమంటుండె” అని రాసి, ఊళ్లో ఉన్న ఆమె మోకాలినొప్పి ఎట్లుందో, ఊరి చెరువు ఉదయసముద్రంలో నీళ్లెంతున్నాయో అడిగాడు.

తమ్ముడు జవాబులో ఊరుకోలేదు: శ్రీశైలం ఘాట్‌లో బస్సు నడిపినోనికి కొడుకు డ్రైవింగ్ నేర్పుతున్నడా అని.

దానికి జవాబు 971 మీటర్ల ఎత్తున్న లిండిస్ కనుమ దాటాక వచ్చింది. దిగుడు మొదలవగానే ఆటోలో ఉన్న పెట్టె పై గేరుకు పోతోంది, కొడుకు కాలు బ్రేకు మీదే ఉంది. ఆయన రాడ్డు మాన్యువల్‌లో పెట్టించి మూడో గేరుకు దింపించాడు. ఇంజినే బండిని పట్టుకుంది, బ్రేకులు చల్లగా ఉన్నాయి. ఏ గేర్ల ఎక్కినవో ఆ గేర్ల దిగమని శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక పాత డ్రైవర్లు చెప్పిన మాట అక్కడ అక్షరాలా పనికొచ్చింది. కంప్యూటర్‌కు ఇప్పుడున్న వాలు తెలుస్తుంది, ముందున్న మలుపు తెలియదు. దాన్ని చూసేది డ్రైవరే.

క్రామ్‌వెల్‌లో జలుబు తగ్గింది, చెర్రీలు తిన్నారు. ఆ ఉత్తరంలో తమ్ముడి కొడుకుకు ఓ ప్రత్యేక పేరా ఉంది. వాకిట్లో ఉన్న ఆ కుర్రాడి సెలెరియో కూడా ఇదే జాతి. 2014లో మన దేశంలో ఈ రకం గేరుపెట్టెతో మొదట వచ్చిన కారు అదే, దానికీ పీ లేదు. చెరువుకట్ట ఎక్కే చోట ఆపితే గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ లాగి, టైరుకింద రాయి పెట్టమన్నాడు.

పిల్లల దగ్గరికి వెళ్లి ఇలాంటి బండి తీసుకునే పెద్దవాళ్లు తాళం పుచ్చుకున్న వెంటనే బయల్దేరవద్దు. ఇంజిన్ ఆపి సీట్లో కూర్చోండి. పీ ఉందా లేదా, హ్యాండ్‌బ్రేక్ ఎక్కడ, మాన్యువల్‌కు ఎట్లా మార్చాలి, డీజిల్ పన్ను ఎంత అని అడిగి, చూపించుకున్నాకే యార్డు దాటండి.