నాగ్‌పూర్ టు మేడ్చల్.. ఆఖరి 85 కిలోమీటర్లు

లాంగ్ రైడ్‌కి వెళ్లొచ్చిన వాళ్లని ఎవరినైనా అడిగి చూడండి. మొదటి రోజు ఫొటోలు బోలెడు చూపిస్తారు. ఘాట్ రోడ్డు ఎక్కిన కథ పది నిమిషాలు చెబుతారు. చివరి రోజు సంగతి అడిగితే మాత్రం 'ఆ.. ఏముంది, ట్రాఫిక్‌లో పడి వచ్చేశాం' అనేస్తారు. నాగ్‌పూర్ నుంచి హైదరాబాద్‌కు సైకిల్ మీద వస్తే ఆ చివరి రోజు మేడ్చల్ మీదుగా ఉంటుంది. ఐదు రోజుల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తుండిపోయింది అదే.

ముందు దారి గురించి చెప్పేస్తా. ఇది 44వ నంబర్ జాతీయ రహదారి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా వెళ్లే, దేశంలోకెల్లా పొడవైన హైవే. 2010లో నంబర్లు మార్చకముందు మన వైపు ఇది ఏడో నంబర్ హైవే. నాగ్‌పూర్ నుంచి హైదరాబాద్ దాదాపు 500 కిలోమీటర్లు. రోజుకు వంద చొప్పున ఐదు రోజులు. హింగణ్‌ఘాట్, పాండర్‌కవడ దాటాక పెన్‌గంగ వంతెన మీదుగా తెలంగాణలోకి వస్తాం. తర్వాత ఆదిలాబాద్, నిర్మల్. సోన్ దగ్గర గోదావరి దాటితే ఆర్మూర్, కామారెడ్డి. నాగ్‌పూర్ సుమారు 310 మీటర్ల ఎత్తులో ఉంటే హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది. అంటే మ్యాప్‌లో కిందికి దిగుతున్నట్టు కనిపిస్తుంది కానీ కాళ్లకు మాత్రం ఎక్కుడే! నవంబర్, డిసెంబర్‌లలో ఈశాన్యం నుంచి వీచే గాలి కాస్త వెనక నుంచి తోస్తుంది కాబట్టి ఈ దారికి చలికాలమే మంచిది.

సిటీ ఎక్కడ మొదలవుతుంది?

ఆఖరి రోజు కామారెడ్డిలో ఐదున్నరకే బయల్దేరా. మేడ్చల్ అక్కడికి సుమారు 85 కిలోమీటర్లు. రామాయంపేటలో ఇడ్లీ, చేగుంట దాకా రెండు వైపులా పొలాలు. కోతలైపోయి రైతులు సర్వీస్ రోడ్డు పక్కన వడ్లు ఆరబోశారు. అంతవరకు అది పల్లె దారే.

తూప్రాన్ దాటాక సీన్ మారిపోతుంది. మనోహరాబాద్, కాళ్లకల్ వైపు వచ్చేసరికి ఫ్యాక్టరీ షెడ్లు, కంటైనర్ లారీలు, ప్లాట్ల హోర్డింగులు, హిందీలో రాసిన కిరాణా కొట్టు బోర్డులు. కిలోమీటరు రాయి మీద హైదరాబాద్ ఇంకా దూరమే అని ఉంటుంది. రోడ్డు మీద మాత్రం సిటీ వచ్చేసినట్టే. సైకిల్ తొక్కేవాళ్లు జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. సర్వీస్ రోడ్డు నుంచి హైవే మీదికి బండ్లు హఠాత్తుగా వస్తాయి. ఎడమ అంచున రాంగ్ రూట్‌లో బైకులు ఎదురొస్తాయి. పగలైనా సరే వెనక ఎర్ర లైటు వెలుగుతూనే ఉండాలి. హ్యాండిల్‌కు చిన్న అద్దం ఉంటే ఇంకా మంచిది.

షిఫ్టుకు వెళ్తున్న ఒక కుర్రాడు కాసేపు నా పక్కనే తొక్కాడు. గేర్లు లేని పాత సైకిల్, హ్యాండిల్‌కు టిఫిన్ బాక్స్. ఊరు ఒడిశాలో అట. నా సైకిల్ ఎంత అని అడిగాడు. చెప్పా. ఓ క్షణం ఆలోచించి "మరి క్యారియర్ లేదేంటి?" అన్నాడు హిందీలో. నా దగ్గర జవాబు లేదు. ఫ్యాక్టరీ గేటు రాగానే చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

'అప్పుడు గటు పోయిండ్రు'

మేడ్చల్ చేరేసరికి పన్నెండు. ఒకప్పుడు హైదరాబాద్‌కు బయట ఉన్న ఊరు. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు ఇక్కడి నుంచే పోతుంది. 2023లో సికింద్రాబాద్ నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా వచ్చేసింది. హైవే పక్కన చిన్న హోటల్ దగ్గర సైకిల్ ఆనించి ఛాయ్ అడిగా. హోటల్ నడిపే పెద్దావిడ సైకిల్‌నీ, సంచుల్నీ, నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఏడికెళ్లి వస్తున్నవ్ బిడ్డా?"

"నాగ్‌పూర్ నుంచి అమ్మా."

"సైకిల్ మీదనా? ఏం, బస్సులు బందున్నయా?"

నవ్వా. ఆమె నవ్వలేదు. ఛాయ్ గ్లాసు చేతికిచ్చి రోడ్డు వైపు చూపించింది. "కరోనప్పుడు జూసిన ఇట్ల సంచులేసుకొని పొయ్యేటోళ్లను. అప్పుడు గీడికెళ్లి గటు పోయిండ్రు. నువ్వు గటుకెళ్లి గీడికొస్తున్నవ్."

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. హైదరాబాద్‌లో పనులు ఆగిపోయిన వలస కూలీలు ఉత్తరప్రదేశ్, బిహార్, జార్ఖండ్, మధ్యప్రదేశ్ వైపు నడక మొదలుపెట్టింది ఈ మేడ్చల్ రోడ్డు మీదే. లారీ దొరికితే లారీ, లేకపోతే కాళ్లు. కొందరు సైకిళ్లు కొనుక్కుని బయల్దేరారు. రోడ్డు పక్కన వలంటీర్లు అన్నం పొట్లాలు, నీళ్లు, చెప్పులు పంచారు. దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1న బయల్దేరింది కూడా మన లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకు. అదే నెలలో గురుగ్రామ్ నుంచి బిహార్‌లోని దర్భంగా వరకు, గాయపడిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని 15 ఏళ్ల అమ్మాయి సైకిల్ తొక్కిన వార్త మీరూ చదివే ఉంటారు. దాదాపు 1,200 కిలోమీటర్లు.

మా సైక్లింగ్ వాళ్లకు 1,200 చాలా పెద్ద నంబర్. అంత దూరం బ్రెవేను 90 గంటల్లో పూర్తి చేస్తే పేరు పక్కన రాసుకుంటారు. నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ రైడ్ దూరమూ దాదాపు అంతే. దానికోసం ఏళ్ల తరబడి ప్రాక్టీస్ చేస్తారు. ఆ అమ్మాయి చేసిందల్లా ఇంటికి వెళ్లడం!

మేడ్చల్ నుంచి ఉత్తరానికి నడిచినవాళ్లలో చాలామందికి నాగ్‌పూర్ సగం దారి కూడా కాదు. నేను ఐదు రోజులు తొక్కిన అదే రోడ్డు. కాకపోతే రోజూ రాత్రి ఎక్కడ పడుకుంటానో నాకు ముందే తెలుసు. జేబులో ఏటీఎం కార్డు ఉంది. ఫోన్‌లో మర్నాటి విశాఖపట్నం ఫ్లైట్ టికెట్ ఉంది. నా రైడ్‌ను సరదా ప్రయాణం చేసింది ఆ టికెట్టే అని ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపు అర్థమైంది.

"మళ్ల ఎట్ల పోతవ్?" అంది ఆమె. విమానంలో అని చెప్పా. "మంచిగ పో బిడ్డా" అంది. ఛాయ్ డబ్బులు మాత్రం తీసుకోలేదు.

శామీర్‌పేట చెరువు గట్టున

ఇక్కడి నుంచి కొంపల్లి, సుచిత్ర మీదుగా సిటీలోకి పోవచ్చు. నేను తూర్పుకు తిరిగి శామీర్‌పేట వెళ్లా. పదిహేను కిలోమీటర్లలోపే. ఔటర్ మీదికి సైకిల్ ఎక్కనివ్వరు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద బైకులకు, ఆటోలకు కూడా అనుమతి లేదు. కింద ఊళ్ల మధ్య నుంచి వెళ్లే దారులే మనకు దిక్కు.

శామీర్‌పేట చెరువు నిజాం కాలంలో తవ్వించింది. కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి దీని పక్క నుంచే పోతుంది. చుట్టుపక్కలే నల్సార్ లా యూనివర్సిటీ, బిట్స్ హైదరాబాద్ క్యాంపస్ ఉన్నాయి కాబట్టి సాయంత్రం గట్టు మీద స్టూడెంట్లు, మొక్కజొన్న కంకుల బండ్లు మామూలే. ఇంకాస్త ముందుకెళ్తే జీనోమ్ వ్యాలీ. కొవాగ్జిన్ టీకా తయారైంది అక్కడే. 2021 జనవరి 3న దానికి అత్యవసర అనుమతి వచ్చింది. మేడ్చల్ రోడ్డు మీద ఆ నడక సాగిన కొన్ని నెలలకే, ఇంత దగ్గర్లోనే టీకా సిద్ధమైందన్నమాట. రైడ్ అయిపోయిందని అనుకోవడానికి ట్రాఫిక్ సిగ్నల్ కంటే ఈ గట్టు బాగుంటుంది. ఓ గంట కూర్చున్నా.

సైకిల్‌ను పెట్టెలో పెట్టడం

ఇక అసలు పని. కొత్త సైకిళ్లు వచ్చే అట్టపెట్టె సైకిల్ షాపులో ముందే అడిగి పెట్టుకోండి. ముందు చక్రం తీసేయాలి. సీటు పూర్తిగా దించాలి. హ్యాండిల్ పక్కకు తిప్పి కట్టాలి. టైర్లలో గాలి కొంత తగ్గించాలి. పెడల్స్ తీసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: కుడిది మామూలుగానే వస్తుంది, ఎడమది మాత్రం గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. పానాలు, స్క్రూడ్రైవర్లు చెక్-ఇన్ లగేజీలో పెట్టాలి. పవర్ బ్యాంక్ మన వెంట క్యాబిన్‌లోకే. సైకిల్ తెస్తున్నట్టు ఎయిర్‌లైన్‌కు ముందుగా చెప్పి, ఛార్జీ ఎంతో కనుక్కోండి. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క.

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ శామీర్‌పేటకు సరిగ్గా సిటీ అవతలి కొసన ఉంది. పెట్టె పట్టే కారు మాట్లాడుకుని కీసర, ఘట్‌కేసర్, పెద్ద అంబర్‌పేట మీదుగా దాదాపు సగం ఔటర్ చుట్టాం. సైకిల్‌తో ఎక్కనివ్వని రోడ్డు మీద సైకిల్‌నే డిక్కీలో వేసుకుని వెళ్లడం తమాషాగా అనిపించింది.

హైదరాబాద్ నుంచి విశాఖ ఆకాశ మార్గంలో ఇంచుమించు 500 కిలోమీటర్లు. నేను ఐదు రోజులు తొక్కినంత దూరం. గంటా పావులో దిగిపోయా. ఇంటికొచ్చి పెట్టె కోసి చూస్తే చైన్ నిండా మహారాష్ట్ర మట్టి, తెలంగాణ మట్టి కలిసిపోయి ఉన్నాయి. దాన్ని తుడిచి, పెడల్స్ బిగించి, మర్నాడు బజారుకెళ్లి వెనక ఒక క్యారియర్ వేయించా.